ఎరుపుకోసం మరీ సాగదీయకు

చిట్టితల్లికి,

డై సోలార్ సెల్ కోసం నువ్వు గీసి పంపిన మూడు డై (కాంతిని పట్టే రంగు) అణువులూ చూశాను. వరస సరిగానే ఉంది: ఒక కొసన ఎలక్ట్రాన్ ఇచ్చే ట్రైఫినైల్ అమీన్, నడుమ థయోఫిన్ వంతెన, రెండో కొసన టైటానియం డయాక్సైడ్‌ను పట్టుకునే సయనోఅక్రిలిక్ ఆమ్లం. కాకపోతే ఎరుపు కాంతిని కూడా పట్టాలని రెండోదాన్నీ మూడోదాన్నీ థయోఫిన్లు పెంచి సాగదీశావంతే. నా బెంగ అక్కడే.

శోషణ అంచు, అంటే డై పట్టగలిగే కాంతి హద్దు, 500 నానోమీటర్ల నుంచి 650కి జరిగితే హోమోకీ (ఎలక్ట్రాన్లున్న అన్నిటికన్నా పై మెట్టు) లూమోకీ (ఖాళీగా ఉన్న అన్నిటికన్నా కింది మెట్టు) మధ్య గ్యాప్ 2.48 నుంచి 1.91 ఎలక్ట్రాన్ వోల్టులకు దిగుతుంది, నిజమే. కానీ ఏ వైపు నుంచి దిగిందో చూడాలి. టైటానియా (టైటానియం డయాక్సైడ్)లో ఎలక్ట్రాన్ చేరే మెట్టు, అంటే కండక్షన్ బ్యాండ్, −4.0 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో, డైకి ఎలక్ట్రాన్ తిరిగి ఇచ్చే అయొడైడ్ ఎలక్ట్రోలైట్ −4.8 ప్రాంతంలో ఉంటాయి. లూమో −3.7 కన్నా కిందికి జారితే ఎలక్ట్రాన్ టైటానియాలోకి దూకడానికి తోపు చాలదు. హోమో −5.1 కన్నా పైకి లేస్తే డై పోగొట్టుకున్న ఎలక్ట్రాన్‌ను అయొడైడ్ త్వరగా భర్తీ చేయలేదు. ఈలోగా టైటానియాలోకి వెళ్లిందే వెనక్కి వచ్చేస్తుంది. థయోఫిన్లు పెరిగేకొద్దీ ముఖ్యంగా పైకి లేచేది హోమోనే.

ఇంకోటి, ఈ శక్తుల లెక్కకు నువ్వు వాడిన బీ3ఎల్‌వైపీ పద్ధతి ఇలా ఛార్జి దూరం జరిగే అణువుల్లో ఉత్తేజ శక్తిని తక్కువ చేసి చూపిస్తుంది. దాన్నే సవరించిన క్యామ్-బీ3ఎల్‌వైపీతో, ద్రావణి ప్రభావాన్ని కలిపే మోడల్ పెట్టి మళ్లీ చెయ్యి.

పొడవాటి బల్లపరుపు అణువులు టైటానియా మీద ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. పట్టిన కాంతి వాటి మధ్యే ఆరిపోతుంది. థయోఫిన్‌కు హెక్సైల్ (ఆరు కార్బన్ల) గొలుసు తగిలిస్తే ఎడం వస్తుంది, ఎలక్ట్రోలైట్‌లో ఉండి ఎలక్ట్రాన్‌ను లాక్కునే ట్రైఅయొడైడ్ కూడా టైటానియా దాకా అంత సులువుగా చేరదు. కానీ పక్కపక్క రింగుల మీద రెండు హెక్సైళ్లు ఎదురెదురుగా పడనీయకు. రింగులు మెలి తిరిగి కాంజుగేషన్, అంటే ఎలక్ట్రాన్లు రింగుల మీదుగా పాకే దారి, దెబ్బతింటుంది.

తయారీలో చివరి నోవెనాగెల్ మెట్టులో (ఆల్డిహైడ్ సయనోఅక్రిలిక్ ఆమ్లంగా మారే చర్య) ఎన్‌ఎంఆర్‌లో 9.8 పీపీఎం దగ్గరి ఆల్డిహైడ్ పీక్ పూర్తిగా పోయేదాకా ఆపకు. తర్వాత పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడుగు, లేకపోతే ఆ చర్యకు వేసిన క్షారం పిపెరిడిన్ లవణంగా అంటుకునే ఉంటుంది.

టైటానియా ఫిల్మును 500 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాక పూర్తిగా చల్లారనివ్వకు. 80 డిగ్రీల వేడిమీదే డై ద్రావణంలో ముంచు, లేకపోతే గాలిలోని తేమ డై కన్నా ముందు చోటు పట్టేస్తుంది. అసిటోనైట్రైల్, టెర్ట్-బ్యూటనాల్ సమపాళ్లలో కలిపి 0.3 మిల్లీమోలార్ డై, రాత్రంతా. ఇంకో ఫిల్మును అదే ద్రావణంలో డైతో పాటు చోటు పట్టి అణువులను ఎడంగా ఉంచే కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం 10 మిల్లీమోలార్ కలిపి ముంచు. రెండో ఫిల్ము రంగు పలచగా కనబడుతుంది, కంగారుపడకు. డై తగ్గినా కరెంటు పెరిగిందంటే మొదటిదాంట్లో అణువులు పేర్చుకున్నాయన్నమాట. గొలుసులు ఇంకా కావాలి. కరెంటు కూడా తగ్గితే ఉన్న గొలుసులు చాలు.

ముందు మొదటి అణువునే చెయ్యి. ఆ రెండు ఫిల్ముల కరెంటు-వోల్టేజి కర్వులు వచ్చాక మూడోదాని సంగతి మాట్లాడుకుందాం.

నాన్న