గ్రామ యువజన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు బడి ఆటస్థలం

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీరెరిగినవే, మళ్లీ ఏకరువు పెట్టను. ఏటా చేసే వీధి దీపాల పని, పదో తరగతి పిల్లలకు అట్టలు, పెన్నులు పంచడం ఈసారీ జరిగాయి. గట్టిగా చెప్పుకోవాల్సింది ఉన్నత పాఠశాలలో వేసిన ఖోఖో కోర్టు గురించే.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. మన బడికి స్థలమైతే ఉంది, ఆడే వీలే లేదు. పల్నాడు నల్లరేగడి సంగతి చెప్పాలా? వానొస్తే కాలికి రెండు కిలోల బురద, ఎండొస్తే పాదం ఇరుక్కునే నెర్రెలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నెర్రెల్లో పరిగెడితే మిగిలేది చీలమండ బెణుకే. ఖోఖోకి బంతి కూడా కొనక్కర్లేదు, ఒకేసారి 12 మంది కోర్టులో ఉంటారు. అందుకే దాన్ని ఎంచుకున్నాం.

కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. చుట్టూ మీటరున్నర ఖాళీ కలిపితే 30 బై 19. ముందు గడ్డి వేళ్లతో సహా పై 15 సెంటీమీటర్ల నల్లమట్టి తీసేశాం. దాని మీద 10 సెంటీమీటర్లు గ్రావెల్, ఆపైన 5 సెంటీమీటర్లు జల్లించిన ఎర్రమట్టి, ఇసుక. రోలర్ తొక్కితే మట్టి అణుగుతుంది కనుక లెక్కకంటే పావు వంతు ఎక్కువ తోలించాలి: మూడు ఘనమీటర్ల ట్రక్కుతో గ్రావెల్ 24, ఎర్రమట్టి, ఇసుక కలిపి 12. మధ్య గీత నుంచి పక్కలకు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు పెట్టి, తాపీమేస్త్రీ నీటి గొట్టంతో సరిచూశాం. వాలు లేకపోతే ఎంత మంచి మట్టి పోసినా మొదటి వానకే మడుగవుతుంది.

మొదటిసారి పని చెడింది. నీళ్లు పెట్టిన గంటకే రోలర్ ఎక్కించారు, మట్టంతా చక్రానికి అంటుకుని పెచ్చులుగా లేచింది. సాయంత్రం తడిపి, మర్నాడు పిడికిట్లో ముద్ద కట్టి చేతికి అంటని పదునులో తొక్కితేనే గట్టిపడింది.

స్తంభాల మధ్య దూరం 24 మీటర్లు, నేల మీద ఎత్తు 120 సెంటీమీటర్లు. పాతే భాగానికి చెదలు పట్టకుండా తారు పూశాం. స్తంభం చుట్టూ పోసే కాంక్రీటు నేలమట్టానికి 10 సెంటీమీటర్ల కిందే ఆగాలి, పైకి తేలితే పిల్లల మోకాళ్లు పగులుతాయి. గీతలకు ముగ్గుపిండే వాడండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం.

ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం నాడు తొలి పోటీ మన ఆడపిల్లలదే. అంతవరకు స్థలమంతా మగపిల్లల క్రికెట్టుది, ఆడపిల్లలది వరండా. సంఘానికి ఈ ఏడాది ఇంతకు మించిన గర్వం లేదు. ట్రాక్టర్లు ఇచ్చిన రైతులకు, ప్రధానోపాధ్యాయులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, కూలి తీసుకోకుండా గీతలు కొట్టిన మేస్త్రీకి, మజ్జిగ పోసిన డ్వాక్రా అక్కలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు నోటీసు బోర్డుకు అంటించాం, రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి.

ఇక చేదు మాటలు. శ్రమదానానికి చేతులెత్తిన వాళ్లలో సగం మంది వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఊరుకున్నారు. ప్రహరీ గండి పూడ్చమని ఒక కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టాం, మూడూ అక్కడే నిద్రపోతున్నాయి. ఆ గండిలోంచే సెప్టెంబరు వానలో ఓ షామియానా లారీ తడి కోర్టు మీదికి ఎక్కింది. ఆ చక్రాల గాళ్లలో పైపైన మట్టి పోస్తే నిలవదు. 5 సెంటీమీటర్లు తవ్వి గరుకు చేసి, తడిపి, కొత్త మట్టి పోసి దిమ్మిసతో కొట్టాలి. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

మిరప కోతలు రాబోతున్నాయి. కోర్టు మీద కాయలు ఆరబోయవద్దని సభ్యులకే ముందు మనవి: ఘాటుకు పిల్లలు తుమ్ముతారు, పట్టాల కింద గుచ్చిన మేకులు గుంటలు చేస్తాయి. వడ్లకూ అంతే. వయ్యారిభామ కలుపు మొక్కల్ని పూత రాకముందే చేతి తొడుగులతో పీకాలి, నెలకోసారి తడిపి రోలర్ తిప్పాలి. రోలర్ తాళం చెవి ప్రధాన కార్యదర్శి ఇంట్లో ఉంది, వారాలవారీ పేర్ల కాగితం ఈ సమావేశం అయ్యాక బల్ల మీదే ఉంటుంది.

– కార్యదర్శి