‘ఇతివృత్తం’ అడిగితే కథంతా రాశారు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి ఏడో తరగతి తెలుగు పేపర్లు కొన్ని నేనే దిద్దాను. ‘ఈ కథ ఇతివృత్తం ఏమిటి?’ అన్న రెండు మార్కుల ప్రశ్నకు చాలామంది పేజీన్నర రాశారు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క సంఘటన కూడా వదల్లేదు. పాపం చేతులు నొప్పెట్టి ఉంటాయి, మార్కులు మాత్రం పడలేదు. తప్పంతా పిల్లలదే అనను. ఆ మాటను మేమే సరిగ్గా విడమరచి చెప్పలేదు.

అసలు ఆ మాటలోనే ఒక తిరకాసు ఉంది. భరతుడి నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని నాటకానికి శరీరం అంటుంది. అక్కడ దాని అర్థం నడిచే కథే. ఇప్పటి పాఠాల్లో మాత్రం కథ దేని గురించి చెబుతోందో దాన్ని ఇతివృత్తం అంటున్నాం. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ‘ఇతివృత్తమంటే కథే కదా’ అంటే వాళ్ల మాటా తప్పు కాదు. తరగతిలో అడిగేది మాత్రం వేరు. ఒకమ్మాయి స్నేహితురాలి పెన్ను విరగ్గొట్టి, రెండ్రోజులు దాచిపెట్టి, మూడో రోజు ఏడుస్తూ ఒప్పుకుంది. ఇది సారాంశం. తప్పు ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఇది ఇతివృత్తం. అమ్మాయిని, పెన్నును, ఏడుపును తీసేసినా మిగిలే మాట అది.

పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడ కూడా కాదు, చదివి గ్రహించే ప్రశ్నల్లో. ‘రవి తలుపు తోసుకుని వచ్చి, నీళ్లు కారుతున్న గొడుగును మూలన పెట్టాడు’ అని ఇచ్చి, బయట వాతావరణం ఎలా ఉందని అడిగాం. ఒకబ్బాయి ‘పేరాలో ఇవ్వలేదు’ అని రాశాడు. నవ్వొచ్చింది కానీ, వాడి నిజాయితీని మెచ్చుకోవాలి. వాన అన్న మాట నిజంగానే అందులో లేదు. గొడుగు చెబుతోంది. మాటల్లో లేనిదాన్ని ఉన్న ఆధారంతో పట్టుకోవడమే ఊహించి గ్రహించడం. ఆధారం లేకుండా చెబితే అది ఉత్త ఊహ. ‘రవికి జలుబు చేసింది’ అని రాసినవాళ్లూ ఉన్నారు మరి!

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న వాక్యాన్ని అలంకారశాస్త్రంలో ఉదాహరణగా చెబుతారు. పశువుల కాపరికి మందను ఇంటికి తోలే వేళైందని, సంధ్య వార్చేవాడికి సంధ్యావందనం వేళైందని తోస్తుంది. వాక్యం ఒకటే, వినేవాళ్లను బట్టి తోచే అర్థం వేరు. దాన్ని వ్యంగ్యార్థం అన్నారు. ఇందులో వెటకారం ఏమీ లేదు. రోజువారీ మాటల్లో వ్యంగ్యమంటే ఎత్తిపొడుపు కాబట్టి పిల్లలు ఇక్కడ కూడా తడబడతారు.

అలంకారాల లక్షణాలు మావాళ్లు అప్పజెబుతారు, గుర్తుపట్టమంటే నీళ్లు నములుతారు. ముఖాన్ని చంద్రుడితో పోల్చే ఉదాహరణ విని విని నాకే విసుగొచ్చింది. ‘తరగతి తేనెతుట్టెలా హోరెత్తింది’ తీసుకోండి. మనం పోలుస్తున్నది తరగతి, అది ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో ఆ తేనెతుట్టె ఉపమానం. రెండింటికీ ఉన్న పోలిక హోరెత్తడం, అది సమానధర్మం. పోలికను చెప్పే మాట ‘లా’ ఉపమావాచకం. ఇది ఉపమ. ‘లా’ తీసేసి, రెండూ ఒకటే అన్నట్టు ‘ఆ తరగతి ఒక తేనెతుట్టె’ అంటే రూపకం. ‘తేనెతుట్టె కదిలిందేమో అన్నట్టు తరగతి హోరెత్తింది’ అని ఊహించి చెబితే ఉత్ప్రేక్ష. ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా తిప్పి రాయిస్తే లక్షణం బట్టీ పట్టాల్సిన అవసరం చాలావరకు పోతుంది.

ఇంకొకటి. కథను ఎవరు చెబుతున్నారన్న ప్రశ్నలో ఇంగ్లీషు, తెలుగు కలిసి పిల్లల్ని తికమక పెడుతున్నాయి. ఇంగ్లీషులో ‘నేను’ అని చెప్పే కథ ఫస్ట్ పర్సన్. దాన్ని మాటకు మాటగా ప్రథమ పురుష అని రాసేస్తున్నారు. తెలుగు వ్యాకరణంలో ‘నేను’ ఉత్తమ పురుష, ‘నువ్వు’ మధ్యమ పురుష, ‘అతడు, ఆమె’ ప్రథమ పురుష. అంటే మన ప్రథమ, వాళ్ల థర్డ్! హోంవర్క్ చూసేటప్పుడు దీన్ని కాస్త గమనించండి. నిరుడు ఒక వర్క్‌షీట్‌లో మేమే తప్పు అచ్చేశాం. ఒక తల్లి చూసి చెబితే దిద్దుకున్నాం.

ఇంట్లో మీరు ఈ పేర్లన్నీ నేర్పక్కర్లేదు. పిల్లలు కథ చదివి ఏదైనా చెప్పినప్పుడు, ‘నీకెలా తెలిసింది? ఏ వాక్యంలో ఉంది?’ అని అడగండి. వేలు పెట్టి చూపిస్తే సరి. చూపించలేకపోతే మళ్లీ చదవమనండి, కోప్పడొద్దు.

సోమవారం పిల్లల సంచుల్లో ఒక చిన్న కథ, నాలుగు ప్రశ్నలున్న కాగితం వస్తుంది. మార్కులు లేవు, సంతకం అక్కర్లేదు. మూడో ప్రశ్నకు జవాబు కథలో ఎక్కడా రాసి ఉండదు. టెన్షన్ పడకండి, అది అచ్చుతప్పు కాదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు