కప్ప అంటే ఏ కప్ప?

సంపాదకులకు,

దొంగతనం వార్త ఏ పత్రికలో చదివినా 'తాళం పగలగొట్టి లోపలికి చొరబడ్డారు' అన్న ముక్క ఉండి తీరుతుంది. పగిలేది తాళం కాదు, తలుపుకు వేసే తాళంకప్ప. కోస్తాలో చాలా ఇళ్ళలో తాళం అంటే చేతిలో ఉండేది. 'తాళాలగుత్తి' అన్న మాటే అందుకు సాక్ష్యం, ఆ గుత్తికి వేలాడేవి చెవులే తప్ప కప్పలు కావు. తెలంగాణలో తాళం అంటే తలుపుకు వేసేది, దాన్ని తీసేది తాళంచెవి. 'తాళం పోయింది' అని రాస్తే ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి అర్థమవుతుంది. తాళంకప్ప, తాళంచెవి అని రెండు మాటలు చక్కగా ఉండగా ఈ తికమక దేనికి?

ఇది వట్టి మాటల పట్టింపు కాదు. తలుపు తెరవాలంటే దొంగ కప్పనే విరగ్గొట్టనక్కర్లేదు. గొళ్ళెం సందులో ఇనపకడ్డీ దూర్చి ఎత్తితే అరంగుళం మరమేకులు చెక్కను చీల్చుకుని ఊడివస్తాయి. కప్ప మాత్రం చెక్కు చెదరకుండా ఊడిన గొళ్ళేనికే వేలాడుతుంటుంది. విలేఖరి 'గొళ్ళెం పెకలించి' అని రాశారనుకోండి, చదివినవాళ్ళు తమ తలుపు ఓసారి చూసుకుంటారు. మరమేకులు తీయించి, తలుపు మందమంతా దాటి లోపలివైపు నట్టు బిగిసే బోల్టులు వేయించుకుంటారు. 'తాళం పగలగొట్టి' అని రాస్తే ఇంకాస్త పెద్ద కప్ప కొని అదే గొళ్ళేనికి తగిలిస్తారు.

కప్ప మాట వచ్చింది కనుక ఇంకొకటి. వానాకాలంలో మొరాయించే కప్పలో కొబ్బరినూనె పోయడం చాలామందికి అలవాటు. ఆ పూటకు తెరుచుకుంటుంది గానీ, నూనె దుమ్మును పట్టి లోపల జిగురుకడుతుంది, స్ప్రింగుల మీద ఆడాల్సిన సన్నటి పిన్నులు ఎక్కడివక్కడే బిగుసుకుంటాయి. ముందు చెవి దూర్చే కన్నాన్ని నేలవైపు తిప్పి కప్పను నాలుగుసార్లు తట్టాలి, మట్టి రాలుతుంది. తర్వాత పైకి తిప్పి నాలుగు చుక్కల కిరోసిన్ వేసి (దొరికితే!) పది నిమిషాలు ఆగాలి. చెవిని తిప్పకుండా లోపలికీ బయటికీ ఆడించాలి. తొందరపడి తిప్పితే చెవి విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. కదలిక వచ్చాక ఆరనిచ్చి, చెవికి రెండు పక్కలా పెన్సిలు ములుకు నల్లగా రుద్ది, ఐదారుసార్లు దూర్చి తీస్తే చాలు. ఆ గ్రాఫైటు పొడి దుమ్మును పట్టదు.

ఇక రాజకీయ పేజీల్లో గెంతే కప్పల సంగతి. కప్పదాటు, కప్పగంతు, కప్పలతక్కెడ ఈ మూడూ ఒకటే అన్నట్టు వాడేస్తున్నారు. కప్పలతక్కెడ ఒక మనిషి గురించి చెప్పే మాట కాదు, గుంపు గురించి చెప్పేది. తక్కెడ పళ్ళెంలో ఒక కప్పను పెట్టేలోగా ముందు పెట్టినది గెంతేస్తుంది, తూకం ఎప్పటికీ తేలదు. నిలకడలేని కూటమికి సరిగ్గా అతికే మాట. కప్పదాటు అంటే మధ్యలోది వదిలేసి అవతల పడడం. విలేఖరులు మూడు ప్రశ్నలడిగితే మొదటిదానికీ మూడోదానికీ జవాబిచ్చి రెండోది విననట్టు ఊరుకోవడం కప్పదాటు. సంస్కృత వ్యాకరణంలో దీనికి 'మండూకప్లుతి' అని శాస్త్రీయమైన పేరే ఉంది. పాణిని సూత్రాల్లో పై సూత్రంలోని పదం సాధారణంగా కిందివాటిలోకి వరసగా దిగుతూ వస్తుంది. ఎప్పుడైనా నడుమ సూత్రాలను ముట్టుకోకుండా దూరంగా ఉన్నదానిలోకి వెళ్ళి చేరితే అది కప్ప గెంతు. పార్టీలు మారేవారిది కప్పదాటు కాదు, వాళ్ళవి కప్పగంతులు. కొందరికి ఆ మాటా పెద్ద మర్యాదే.

సామెతనూ తిరగేసి అచ్చువేస్తున్నారు. 'కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం' అన్నది అసలు రూపు. కప్ప పాము నోట్లో ఉంది, కరవమంటే కోపం రావలసింది దానికే. 'విడవమంటే కప్పకు కోపం' అని రాస్తే ఏమైనట్టు? విడిచిపెట్టమంటే కప్ప దణ్ణం పెడుతుంది. క్రీడల పేజీలో కొమ్ము ఎగిరిపోయి 'ప్రపంచ కప్ప' అయిందంటే అది అచ్చుతప్పు, క్షమించవచ్చు. ఇది అలాంటిది కాదు.

చివరగా అసలు కప్ప. తొలకరి పడగానే 'వింత పసుపు కప్పలు', 'విషపు కప్పలంటూ జనం భయాందోళన' అని ఫోటోలు వస్తాయి. అవి వింతా కాదు, విషమూ కాదు. మన చెరువుల్లో ఏడాది పొడుగునా ఉండే బోదురుకప్పలే. జోడు కట్టే కాలంలో మగవాటికి ఒళ్ళంతా నిమ్మపండు పసుపు వస్తుంది, గొంతుకు రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బుతాయి. ఆ తిత్తులతోనే రాత్రంతా బెకబెక. పక్కన మట్టిరంగులోనే ఉండి నోరెత్తనివి ఆడవి. జోడు కట్టడం ముగిశాక మగవీ మళ్ళీ పాచిరంగుకు తిరిగిపోతాయి. పొలంలో పురుగులను తింటాయి కనుక ఇవి రైతుకు అయినవాళ్ళే. కప్పకాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లో ఆపేసింది కూడా. 'విషం' అన్న ఒక్క మాట చదివి ఎవరో కర్ర పట్టుకుంటే ఆ పాపం వార్తదే.

వానలు మొహం చాటేసిన ఏడాది, వాన కోసం ఆడే కప్పతల్లి ఆట ఫోటోలూ వేస్తారు. రోకలికి వేపమండలతో కట్టిన కప్పను ఇంటింటికీ తిప్పుతూ బిందెలతో నీళ్ళు పోస్తారు. కప్ప చర్మంతోనూ ఊపిరి తీసుకుంటుంది. చర్మం ఎండితే దాని గుండా గాలి అందదు, ఆ నీళ్ళే దాన్ని బతికిస్తాయి. ఇల్లూ ఇల్లూ దూరంగా ఉన్న ఊళ్ళో ఎండలో తిప్పేటప్పుడు తడిగుడ్డ కప్పాలి, ఆట అయ్యాక చెరువుగట్టున నీడలో వదలాలి. ఫోటో కింద ఈ రెండు ముక్కలకూ చోటివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు