లావెండర్ సబ్బు వాసన మారుతోంది, ఎందుకో చదవండి

అందరికీ నమస్తే. తార్నాకలో మా దగ్గర లావెండర్ సబ్బు తీసుకునేవాళ్ళకి ముందే చెప్పాల్సిన విషయం ఇది. వచ్చే బ్యాచ్ నుంచి సబ్బులో అసలు లావెండర్ నూనె కాదు, లావెండిన్ నూనె వేస్తున్నాం. లేబుల్ మీద కూడా లావెండిన్ అనే ఉంటుంది. దీన్నే లావెండర్ అని అమ్మేవాళ్ళున్నారు, అది నాకు అస్సలు నచ్చదు, డబ్బులిచ్చి కొన్నవాళ్ళకి లోపల ఏముందో తెలియాలి.

లావెండిన్ కల్తీ కాదు. అసలు లావెండర్‌కీ స్పైక్ లావెండర్ అనే ఇంకో జాతికీ పుట్టిన సంకరం. పూరేకుల కింద గొట్టంలా ఉండే భాగం మీద సన్నని నూనె గ్రంథులుంటాయి. అక్కడ ఒక జన్యువు తయారుచేయించే ఎంజైమ్ వల్ల లినలూల్ పుడుతుంది, ఇంకో ఎంజైమ్ అందులో కొంత లినలైల్ ఎసిటేట్‌గా మారుస్తుంది, మీకు అలవాటైన ఆ మెత్తటి వాసన ముఖ్యంగా ఈ రెండిటిదే. స్పైక్ వైపు నుంచి లావెండిన్‌కి కర్పూరం చేసే గుణం కూడా ఎక్కువ వచ్చింది. అందుకే కొత్త సబ్బు కాస్త ఘాటుగా, కర్పూరం డబ్బా మూత తీసినట్టు ఉంటుంది.

మార్చడానికి పెద్ద కారణం కాస్టిక్, అంటే నూనెల్ని సబ్బుగా మార్చే ఘాటైన క్షారం. సబ్బు తయారీలో అది లినలైల్ ఎసిటేట్‌ని కొంత విరగ్గొట్టేస్తుంది, అంత ఖరీదు పెట్టి కొన్న వాసన మీ చేతికి రాకముందే పోతోంది. కర్పూరం దాన్ని బాగానే తట్టుకుంటుంది.

మొన్న స్టాల్‌లో ఒక అక్క అడిగారు, ఇంత వాసనున్న మొక్కకి కూడా రోగాలొస్తాయా అని. వస్తాయండీ. దక్షిణ ఫ్రాన్స్‌లో స్టోల్బర్ ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి తోటల్ని ఎండబెడుతోంది, రసం పీల్చే చిన్న పురుగు దాన్ని నేరుగా మొక్క ఆహారం మోసే నాళాల్లోకి ఎక్కిస్తుంది, వాసన నూనేమో పైన గ్రంథుల్లో ఉండిపోతుంది. గ్రోసో అనే లావెండిన్ రకం ఆ ఎండు రోగాన్ని మిగతావాటికంటే బాగా తట్టుకుంది కాబట్టే 1970ల నుంచి అక్కడ అంతగా వ్యాపించింది. అయితే లావెండిన్‌కి మొలకెత్తే విత్తనాలు రావు, కొమ్మలు నాటే పెంచాలి, అంటే తోటలో ప్రతి మొక్కవీ అవే జన్యువులు. దాన్ని గెలిచే రోగం ఒకటొస్తే ఏ మొక్కకీ వేరే రక్షణ ఉండదు, ఆ సంగతి నాకు నిజంగా టెన్షన్‌గానే ఉంది.

అందుకే అన్నీ దాని మీదే పెట్టట్లేదు. చర్మానికి రాసుకునే మా రోల్ ఆన్‌లో కాస్టిక్ ఉండదు కాబట్టి అందులో జమ్మూ వైపు భదర్వాలో పండే అసలు లావెండర్ నూనే కొనసాగుతుంది, ధర కూడా అదే. సబ్బు మాత్రం 180 నుంచి 150కి తగ్గిస్తున్నాం, లావెండిన్ చవక కాబట్టి ఆ తేడా మీకే రావాలి.

కర్పూరం ఉంది కాబట్టి కొత్త సబ్బు పసిపిల్లలకి వాడకండి. పాత బ్యాచ్ సబ్బులు కొన్ని మిగిలాయి, కావాల్సినవాళ్ళు ఆదివారం లోపు మెసేజ్ పెట్టండి, తీసి పక్కన పెడతాను.