పాండవుల గుట్టల దగ్గర మాత్‌ల సర్వే: తల్లిదండ్రులకు

అందరికీ నమస్తే,

జూలై ఆఖర్ల ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను పాండవుల గుట్టల దగ్గరికి రాత్రిపూట మాత్‌ల సర్వేకు తీసుకపోతున్నం, ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ అయింది, టీచర్లందరం తోడుంటం. మాత్ అంటే సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు, ఎక్కువగ రాత్రిపూట లైట్ల చుట్టూ తిరుగుతది. 2012 నుంచి ఏటా జూలై చివర్ల నేషనల్ మాత్ వీక్ అని చాలా దేశాల్లో ఇదే పని చేస్తున్నరు.

రాత్రి పోయి పురుగులను చూసుడెందుకు సార్ అని కొందరు అడిగిన్రు. పత్తిల గులాబీ రంగు పురుగు, వరిల మొగి పురుగు, మక్కజొన్నల కత్తెర పురుగు పెద్దయితే మాత్‌లే కదా, మీరు చేన్ల కట్టే లింగాకర్షక బుట్టల పడేటివి మగ మాత్‌లే. మహదేవపూర్ దిక్కు నల్లమద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు పురుగు కూడా ఈ జాతే, గూట్లకెల్లి బయటికొచ్చిన మాత్‌కు తినేందుకు నోరే పనిచెయ్యదు, కొన్ని రోజులే బతికి గుడ్లు పెట్టి పోతది. ఇండియాల పదివేలకు పైగా రకాలున్నయి, అండ్ల పంటను పాడుచేసేటివి కొన్నే.

తెల్లబట్ట కట్టి ముందు లైట్ పెడతం. వెన్నెల, గాలి లేకుండ ఉక్కపోసే రాత్రి ఎక్కువ వస్తయి, అందుకే డేట్ అమావాస్య దగ్గర పెట్టినం. పిల్లలు ప్రతిదాన్ని స్కేల్ పక్కన పెట్టి పైనుంచి, పక్కనుంచి ఫోటో తీసి టైమ్, చోటు, ఎత్తు రాయాలె. హిమాలయాల్లాంటి పెద్ద కొండల్ల కింద దొరికే రకాలు వేరు, పైన వేరు, మన గుట్టలు అంత ఎత్తు కావు గానీ పొలాల దిక్కు ఒక బట్ట, కొంచెం ఎగువన ఒకటి కట్టి పోల్చి చూస్తం.

నేను ఎక్కువ పట్టించుకునేది పేరు రాసుడు గురించి. ఫోన్ యాప్ ఏదో పేరు చూపిస్తది, పిల్లలు అదే దించేస్తరు. కొన్ని రకాలు రెక్కల మచ్చలు చూస్తే అచ్చం ఒక్కతీరుగ ఉంటయి, జననాంగాలను మైక్రోస్కోప్ కింద చూస్తే గాని నిపుణులు కూడా విడదీయలేరు. హాక్ మాత్ (ఇది ఒక పెద్ద గుంపు పేరు, ఒక్క రకం పేరు కాదు) అని మాత్రమే తెలిస్తే అక్కడికే రాసి ఆపమని చెప్పినం, ఖాళీ గడికి మార్కులు తగ్గియ్యం. లిస్ట్ పొడుగు కావాలని రాసిన ఒక్క తప్పు పేరుతోటి, ఆ రకం ఇక్కడ ఉందని రేపు ఇంకొకరు నమ్ముతరు. ఇంటికొచ్చినంక ఎన్ని దొరికినయి అని కాదు, ఎట్ల గుర్తుపట్టినవ్ బిడ్డా అని అడగండి, నాకోసం ఈ ఒక్కటి చెయ్యండి.

ఫుల్ చేతుల అంగీ, బూట్లు, టార్చ్ తప్పనిసరి. ఆస్తమా, చర్మం అలర్జీ ఉన్నోళ్లు ముందే చెప్పండి, మాత్‌ల రెక్కల పొడి కొందరికి పడదు. లైట్‌లో కండ్లకు మంచిది కాని యూవీ కిరణాలు ఉంటయి కాబట్టి దానిదిక్కు నేరుగ చూడొద్దని పిల్లలకు మీరూ చెప్పండి. వాన పడితే వాయిదా, ముందే మెసేజ్ పెడతం. సంతకం పెట్టిన పేపర్ శుక్రవారం లోపల క్లాస్ టీచర్‌కు ఇయ్యండి.

మీ హెడ్‌మాస్టర్