టర్కీ మట్టిగోడ, ఓరుగల్లు మట్టికోట

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టర్కీ మీద వచ్చిన కథనం చదివాం. ఇస్తాంబుల్ మసీదులు, కప్పడోకియా బెలూన్లు, పముక్కలే తెల్లని మెట్లు, ఫొటోలన్నీ బాగున్నాయి. అయితే ఆ నేల చరిత్ర 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనంతోనే మొదలైనట్టు రాయడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. టర్కులు ఆ గడ్డ మీద కాలు నిలదొక్కుకోవడం మొదలైంది 1071 నుంచి. ఆ ఏడాది మలాజ్‌గిర్ద్ దగ్గర, టర్కుల్లో సెల్జుక్ వంశానికి చెందిన సుల్తాన్ అల్ప్ అర్స్‌లాన్ బైజాంటిన్ చక్రవర్తి నాలుగో రోమనోస్‌ను ఓడించి బందీగా పట్టుకున్నాడు. అప్పటికి మన కాకతీయులు ఇంకా చాళుక్యుల సామంతులే. టర్కులు వచ్చేసరికే అనటోలియా (ఆసియా మైనర్, అంటే నేటి టర్కీలో ఆసియా వైపు భాగం) పీఠభూమి మీద ఎన్నో రాజ్యాలు పుట్టి, పోయి వేల ఏళ్లు గడిచాయి. షాన్లీఉర్ఫా దగ్గరి గోబెక్లీ తెపెలో, కుండ చేయడం కూడా రాని కాలంలో, క్రీ.పూ. 9500 ప్రాంతంలోనే మనుషులు అయిదున్నర మీటర్ల రాతి స్తంభాలు చెక్కి వలయాలుగా నిలబెట్టారు. దాని గురించి ఈమధ్య చాలామంది రాస్తున్నారు కాబట్టి అంతటితో వదిలేస్తున్నాం. మేం చెప్పదలచింది హనుమకొండలో గ్రూప్స్‌కు చదివే ప్రతి విద్యార్థికీ పేరు తెలిసి, ఇంకేమీ తెలియని ఊరి గురించి. అది బోఘజ్‌కోయ్.

మన బిట్‌బ్యాంకుల్లో ఇది ఒక్క లైను. బోఘజ్‌కోయ్ శాసనంలో వేద దేవతల పేర్లున్నాయి, శాసనం ఆసియా మైనర్‌లో ఉంది, అయిపోయింది. పిల్లలు అది మన వేయిస్తంభాల గుడి శాసనంలా రాతి మీద చెక్కిందనుకుంటారు. అసలుది పచ్చి మట్టి పలక మీద పుల్లతో నొక్కి, మేకుల్లాంటి గుర్తులతో, అక్కాడియన్ భాషలో రాసుకున్న సంధిపత్రం. క్రీ.పూ. 14వ శతాబ్దంలో అనటోలియాను ఏలిన హిట్టైట్ల రాజు మొదటి సుప్పిలులియుమ, సిరియా ఉత్తరాన ఉన్న మితన్ని రాజ్యపు రాజు షత్తివాజ కుదుర్చుకున్న ఒప్పందం అది. షత్తివాజ హిట్టైట్ రాజుకు అల్లుడు కూడా. మాట తప్పితే శిక్షించడానికి ఇరువైపుల దేవతలనూ సాక్షులుగా వరసగా పిలిచారు. ఆ పొడవాటి జాబితాలో మితన్ని పక్షాన మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల (అశ్వినీ దేవతల) పేర్లు కనిపిస్తాయి. ఈ పేర్లు కాలం తేల్చగలిగిన రాతలో మొదటిసారి దొరికింది అక్కడే. అంతమాత్రాన ఎవరు ఎటు నుంచి ఎటు వెళ్లారో ఆ పలక చెప్పదు. ఆర్యులు బయటి నుంచి వచ్చారా, ఇక్కడి నుంచి వెళ్లారా అని దాన్ని పట్టుకుని ఇరుపక్షాలూ చేసే వాదాలకు అది బాధ్యురాలు కాదు.

అదే ఊళ్లో దొరికిన మరో గ్రంథం ఇంకా ఆశ్చర్యం. మితన్ని నుంచి వచ్చిన కిక్కులి అనే అశ్వశిక్షకుడు రథాల గుర్రాలను తయారుచేసే పద్ధతిని నాలుగు పలకల మీద, వెయ్యికి పైగా వరుసల్లో రాయించాడు. దాదాపు ఏడు నెలల శిక్షణ అది. ఏ రోజు ఎంత దూరం నడక, ఎంత పరుగు, ఎప్పుడు నీళ్లు, బార్లీ ఎంత, గడ్డి ఎంత, చెమట పట్టాక గోరువెచ్చని నీళ్లతో ఎలా కడగాలి, గొంగడి ఎప్పుడు కప్పాలి, ఇవన్నీ రోజువారీగా ఉన్నాయి. గుర్రాన్ని ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే మాటలు ఐక, తెర, పంజ, సత్త, నవ. ఏకం, త్రి, పంచ, సప్త, నవ చదువుకున్న మన పిల్లలకు వీటిని ఎవరూ విప్పిచెప్పక్కర్లేదు. సంధిలోని దేవతల పేర్ల కన్నా క్లాసులో ఇదే బాగా ఎక్కుతుంది. దీన్ని ఏ బిట్‌బ్యాంకూ అడగదు.

ఆ ఊరు హిట్టైట్ల రాజధాని హత్తూశ. అంకారా నుంచి తూర్పుకు రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు. 1906లో హ్యూగో వింక్లర్, థియోడోర్ మక్రిది అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. ఇప్పటికి పలకలు, ముక్కలు కలిపి దాదాపు 30 వేలు దొరికాయి. 1915లో చెక్ పండితుడు బెడ్రిక్ హ్రోజ్నీ వాటిలోని హిట్టైట్ భాషను ఛేదించాడు. 1986లో ఆ ఊరికి, 2001లో ఆ పలకలకు యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఓరుగల్లు వాసులు నేర్చుకోవాల్సింది మాత్రం ఆ ఊరి గోడ దగ్గర ఉంది. హిట్టైట్ల ప్రాకారం కింద రాతి పునాది, పైన పచ్చి ఇటుక. మూడు వేల ఏళ్ల వానలకు ఇటుకంతా కరిగి పునాది మాత్రమే మిగిలింది. 2003 నుంచి 2005 దాకా జర్మన్ పురావస్తు సంస్థ ఆ పాత పునాది మీదే 65 మీటర్ల గోడను, రెండు బురుజులతో, పాత పద్ధతిలో మళ్లీ కట్టింది. పైభాగం ఎలా ఉండేదో తెలియడానికి ఆధారం, అక్కడే దొరికిన మట్టిపాత్రల అంచుల మీద కోటగోడ ఆకారంలో చేసిన బొమ్మలు. గోడ ఎత్తు ఏడెనిమిది మీటర్లు, బురుజుల ఎత్తు పన్నెండు పదమూడు మీటర్లు. ఒక్కో ఇటుక 45 సెంటీమీటర్ల చదరం, 10 సెంటీమీటర్ల మందం, బరువు 34 కిలోలు. అలాంటివి 64 వేలు. 2,700 టన్నుల మట్టి, 100 టన్నుల గడ్డి, 1,500 టన్నుల నీళ్లు పట్టాయి. హిట్టైట్లు కట్టిన అసలు గోడ మొత్తం ఆరు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అప్పటి హిట్టైట్ రాజు ఎంతమంది కూలీలను, ఎన్ని బండ్లను, ఎంత గడ్డిని కదిలించి ఉండాలో ఈ 65 మీటర్లు కట్టాకే లెక్కకు అందింది.

మన ఖిలా వరంగల్‌లో రాతికోట చుట్టూ మట్టికోట, దాని బయట కందకం ఉన్నాయి. వచ్చిన వాళ్లంతా తోరణాల దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. మట్టికోటను చూపించే వాళ్లే లేరు. మొరం కోసం ఒకచోట తవ్వారు, అడ్డదారి కోసం ఇంకోచోట కోశారు. కోసినచోట వాన నీళ్లు దారి చేసుకుని ఏటా గండి పెద్దది చేస్తాయి. తుమ్మ వేళ్లు లోపలి మట్టిని వదులు చేస్తాయి. రాతికి పగులు వస్తే కంటికి కనబడుతుంది. మట్టి మాత్రం చూస్తూ చూస్తూనే చదునై ప్లాటు అవుతుంది.

హత్తూశలో చేసినట్టు కట్టడం మీదే కొత్తగా కట్టమని మేం అడగడం లేదు. అక్కడిది ఇటుక గోడ, మనది పోసి దట్టించిన మట్టికట్ట. పైగా రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలు నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అందుకని ఏదైనా కాలేజీ ఖాళీ స్థలంలో విద్యార్థులతో చిన్న ముక్క కట్టించవచ్చు. అయిదు మీటర్ల పొడవు, మీటరు మందం, రెండు మీటర్ల ఎత్తు గోడకు ఆ కొలత ఇటుకలు దాదాపు 500 పడతాయి. హత్తూశ లెక్కన ఇటుకకు కిలోన్నర గడ్డి, అంటే మొత్తం ఏడెనిమిది క్వింటాళ్ల వరిగడ్డి. దాన్ని చిన్న ముక్కలుగా నరకాలి. నల్లరేగడి పనికిరాదు, తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. బంక కలిసిన ఎర్రమట్టి కావాలి. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు కదలకుండా పెడితే, ఇసుక అడుక్కి దిగి, పైన మెత్తటి బంక పొర తేరుతుంది. ఆ పొర మొత్తం మట్టిలో అయిదో వంతుకు అటూ ఇటూగా ఉంటే మంచిది. ఎక్కువైతే ఇటుక పగులుతుంది, తక్కువైతే చేతిలో పొడి అవుతుంది. మట్టీ గడ్డీ కలిపి తొక్కి, రెండు మూడు రోజులు నాననిచ్చి, మళ్లీ తొక్కి అచ్చు పోయాలి. మొదటి రెండు మూడు రోజులు నీడ ఉండాలి. నేరుగా మండుటెండలో పెడితే పైపొర ముందు ఎండి బీటలు తీస్తుంది. ఆ తర్వాత నిలువుగా తిప్పి ఆరబెట్టాలి. ఇదంతా మిరుగం లోపు ముగియాలి. కింద మోకాలెత్తు రాయి లేకపోతే చెమ్మ ఎక్కి గోడ అడుగే తింటుంది. పైన వారగా కప్పు లేకపోతే నీళ్లు తల నుంచి దిగుతాయి. ఏటా వానల ముందు గడ్డి కలిపిన మట్టితో పూత పూయాలి. ఒక వానాకాలం ఆ గోడ పక్కన నిలబడి చూసిన విద్యార్థికి మన మట్టికోట మీద గండి ఎందుకు పడుతోందో ఏ పాఠమూ అక్కర్లేకుండా తెలుస్తుంది.

టర్కీ వాళ్లు దీన్ని పరాయి సొత్తుగా చూడలేదు. హిట్టైట్లు టర్కులు కారు, ముస్లింలు కారు. అయినా కొత్త రిపబ్లిక్ 1935లో పెట్టిన ప్రభుత్వ బ్యాంకుకు వాళ్ల పేరే పెట్టి ఏతీబ్యాంక్ అంది (ఏతీ అంటే హిట్టైట్). మరమ్మతు కోసమని 1917లో బెర్లిన్‌కు వెళ్లిన హత్తూశ స్ఫింక్స్‌ను (మనిషి తల, సింహం ఒళ్లు ఉన్న రాతి విగ్రహాన్ని) పట్టు వదలకుండా అడిగి 2011లో వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడు అది బోఘజ్‌కోయ్ మ్యూజియంలోనే ఉంది.

మనకు ఆ దేశంతో దగ్గరి చుట్టరికాలూ ఉన్నాయి. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఎవరి పేరు మోసిందో, ఆ ఆజంజా (ఏడో నిజాం పెద్ద కొడుకు) భార్య దుర్రుషెహవార్ టర్కీ ఒట్టోమన్ రాజవంశంలోని చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు. 1931లో నీస్ నగరంలో వాళ్ల పెళ్లి జరిగింది. ఆజంజా తమ్ముడు మొఅజ్జంజా పెళ్లాడిన నీలోఫర్ కూడా ఒట్టోమన్ వంశమే. హైదరాబాద్ పిల్లల ఆసుపత్రి ఆమె పేరు మీదే ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషులు కరాకొయున్లు అనే తుర్కమాన్ తెగవాళ్లు, తూర్పు టర్కీలోని వాన్ సరస్సు చుట్టుపక్కల ఏలినవాళ్లు. మీ కథనంలో వీటిలో ఒక్కటైనా ఉంటే మన పాఠకుడు మరింత ఇష్టంగా చదివేవాడు.

ప్యాకేజీ టూర్లకు వెళ్లే వాళ్లకు ఒక మాట. కప్పడోకియా నుంచి అంకారాకు వెళ్లే రోజును బోఘజ్‌కోయ్‌కు మళ్లించమని ముందే అడగండి. శిథిలాలు కొండ ఎక్కుతూ అయిదారు కిలోమీటర్ల చుట్టు, ఎక్కడా నీడ లేదు, బండి తప్పదు. ఇంద్ర, వరుణుల పలక కోసం అక్కడ వెతక్కండి. తవ్వకాల్లో దొరికిన పలకలు ఎక్కువగా అంకారా, ఇస్తాంబుల్ మ్యూజియాలకు చేరాయి.

మీ విద్యాపేజీలో ఈసారి బోఘజ్‌కోయ్ బిట్ వచ్చినప్పుడు ‘శాసనం’ పక్కన ‘మట్టి పలక మీద సంధిపత్రం’ అని చేర్చండి. వీలైతే కిక్కులి అంకెలు అయిదూ వేయండి.

– ఇద్దరు చరిత్ర అధ్యాపకులు, హనుమకొండ