క్యాచ్ క్యాన్ కొనే ముందు గొట్టాలు కొలుచుకో

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. క్యాచ్ క్యాన్‌కి నలుపు బాగుంటుందా, ఎరుపు బాగుంటుందా అని అడిగావు చూడు, అక్కడ నవ్వాగలేదు. ఇంజిన్ ఊపిరితో వచ్చే ఆయిలు తుంపరని పట్టే డబ్బా అది, రంగు సంగతి తర్వాత. అసలది నీ బండికి కావాలో అక్కర్లేదో ముందు తేలాలి కదా.

సిలిండరులో పెట్రోలు మండినప్పుడల్లా కొంత వాయువు పిస్టన్ రింగుల సందుల్లోంచి ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులోకి జారుతుంది. బ్లో-బై అంటారే, అది. కొత్త ఇంజిన్‌లోనూ ఉంటుంది. దానికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లు కారతాయి. అందుకే పీసీవీ వాల్వు (ఆ వాయువుని బయటికి వదిలే కవాటం) గుండా, సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దాన్ని పీల్చుకుంటుంది, ఇంజిన్ మళ్లీ మండిస్తుంది. కానీ ఆ గాలి ఒంటరిగా రాదు. ఆయిలు తుంపర, నీటి ఆవిరి, కాలని పెట్రోలు వెంటబెట్టుకొస్తుంది.

ఇంజెక్టరు పోర్టులోకి చిమ్మే ఇంజిన్లలో ఆ పెట్రోలే ఇన్‌టేక్ వాల్వుల వీపు కడుగుతూ ఉంటుంది. నీది డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోలు నేరుగా సిలిండరులోనే పడుతుంది, వాల్వుని తాకదు. ఆయిలు తుంపరేమో వేడి వాల్వు మీద మాడి పొర మీద పొర కడుతుంది. పైగా టర్బో, అంటే టర్బో నెట్టిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ అడుగున ఆయిలు చేరడం అదనం. కాబట్టి నీకు పనికొస్తుంది. టర్బో లేని పోర్టు ఇంజెక్షన్ బండికైతే దండగ అనే చెప్పేవాణ్ని. అయితే ఇప్పటికే కట్టిన మసిని ఈ డబ్బా కరిగిస్తుందనుకోకు. దానికి మానిఫోల్డ్ విప్పి అక్రోటు పెంకుల పొడితో బ్లాస్టింగ్ చేయించాల్సిందే. అరిగిన రింగుల్ని కూడా ఇది బాగుచెయ్యదు.

ఎంచుకునేటప్పుడు మూత విప్పి లోపల చూడు. రెండు రంధ్రాలు, మధ్యలో ఖాళీ ఉంటే పైన పటారం లోన లొటారమే. వచ్చిన తుంపర వచ్చినట్టే అవతలికి పోతుంది. గాలి నెమ్మదించాలి, మలుపు తిరగాలి, చల్లటి లోహానికి రాసుకోవాలి. అప్పుడే తుంపర చుక్కలుగా మారి కిందికి దిగుతుంది. అందుకు లోపల అడ్డుపలకలు, స్టీలు జాలి ఉండాలి. పట్టిన ఆయిలు బండి మలుపు తిరిగేటప్పుడు ఎగిరి మళ్లీ పైకి రాకుండా జాలి కింద ఇంకో పలక ఉంటే మరీ మంచిది. గిన్నెలు తోమే పీచులాంటిది వదులుగా కుక్కినవి కొనకు, తునకలు ఊడి ఇంజిన్‌లోకి పోతాయి. రోజువారీ బండికి 300 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టేది చాలు. ఎంత నిండిందో చూడ్డానికి చిన్న డిప్‌స్టిక్, అడుగున డ్రెయిన్ వాల్వు ఉంటే పని సులువు.

మూత మీద బుల్లి ఫిల్టరు పెట్టి గాలిని బయటికి వదిలే రకం జోలికి పోవద్దు. పీసీవీ లైనులో పెట్టావంటే, సెన్సరు లెక్కకి రాని గాలి మానిఫోల్డ్‌లోకి దూరుతుంది, మిశ్రమం లీన్ అవుతుంది (గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గుతుంది), ఇంజిన్ లైటు వెలిగి ఆ సంగతి చెప్పే పి0171 కోడు పడుతుంది. క్యాబిన్‌లో ఆయిలు వాసన సరేసరి. నీకు కావాల్సింది పూర్తిగా మూసి ఉన్నది. అదైనా వారంటీకీ, మీ దగ్గరి పొగ నియమాలకీ అడ్డొస్తుందేమో ముందు కనుక్కో.

ఇప్పుడు చాలామంది తడబడే చోటు. టర్బో ఇంజిన్‌కి ఊపిరి దారులు రెండు. ఐడిల్‌లో, మామూలు వేగంలో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది, గాలి పీసీవీ దారిన పోతుంది. బూస్ట్ రాగానే, అంటే టర్బో గాలిని గట్టిగా నెట్టగానే, మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, పీసీవీ దారి మూసుకుంటుంది. అప్పుడు వాల్వ్ కవర్ నుంచి టర్బోకి ముందున్న గొట్టంలోకి పోయే రెండో దారే దిక్కు. ఒకే క్యాన్ పెడితే ఒక దారినే కాపలా కాస్తుంది. నీ వాడకానికి ముందు పీసీవీ వైపు ఒకటి పెట్టు. టర్బోకి ముందున్న గొట్టం విప్పి చూస్తే లోపల తడిగా ఆయిలుంటే అప్పుడు రెండోది ఆలోచిద్దాం.

డబ్బా కన్నా గొట్టాలే ముఖ్యం రా. వీటి దగ్గర పిసినారితనం చూపించకు. లోపలి వ్యాసం కంపెనీ గొట్టం కన్నా ఒక్క పిసరు కూడా తగ్గకూడదు. తగ్గితే ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టే. సాధారణంగా 10, 13, 16, 19 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి ఉంటుంది, కొలిచి కొను. హీటర్ హోస్ (హీటరుకి వేడినీళ్లు మోసే గొట్టం) వాడావంటే ఆ రబ్బరు ఆయిలుకి ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు సిలికాన్ గొట్టం లోంచి ఆయిలు చెమటలా బయటికి ఊరుతుంది. నైట్రైల్ రబ్బరుది తీసుకో, వేడి ఎక్కువున్న చోట లోపల ఫ్లోరో పూత ఉన్నది. పీసీవీ లైనులో వాక్యూమ్‌కి అతుక్కుపోని దళసరి గోడ ఉండాలి.

బిగించే రోజు ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వు. విప్పేముందు స్కానరు పెట్టి ఐడిల్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలుని ఎంత శాతం పెంచి తగ్గిస్తోందో చెప్పే అంకె) ఎంతుందో రాసిపెట్టుకో, తర్వాత పోల్చుకోడానికి. కొత్త క్యాన్‌ని పెట్రోలుతో కడిగి ఆరబెట్టు. కోత యంత్రం వదిలిన లోహపు రజను తరచుగా లోపలే ఉంటుంది. ఫిట్టింగులకి టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి రెండు మరలు వదిలెయ్, లేకపోతే ముక్కలు లోపలికి పోతాయి.

క్యాన్‌ని బాడీకి బిగించు. టర్బోకి, ఎగ్జాస్ట్‌కి దూరంగా, గాలి తగిలే చోట. చల్లగా ఉంటేనే ఆవిరి చుక్కవుతుంది. ఎర్తు తీగ బోల్టు, బ్రేకు గొట్టం బోల్టు వాడుకోకు. పాత ప్లాస్టిక్ క్లిప్పులు వేడికి పెళుసుబారి ఉంటాయి, నాలుక నొక్కి తిన్నగా లాగు. స్క్రూడ్రైవరుతో పొడిచావో విరిగింది. పీసీవీ వాల్వుని పీకెయ్యకు, ఉన్నచోటే ఉండాలి. దాన్నుంచి వచ్చే గొట్టం క్యాన్ లోపలి దారికి, బయటి దారి మానిఫోల్డ్‌కి. తారుమారైతే చాలా క్యాన్లలో ఆయిలు సరిగా పట్టుబడదు. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి గొట్టానికి కాస్త వదులివ్వు. కానీ మధ్యలో కిందికి వేలాడనివ్వకు, ఆ ఒంపులో నీళ్లు నిలుస్తాయి. తీసిన కంపెనీ గొట్టం పారెయ్యొద్దు.

స్టార్ట్ చేశాక బుస్సుమనే చప్పుడు వస్తోందేమో విను. ట్రిమ్ ముందున్న అంకెకి దగ్గరగానే ఉండాలి. ఐడిల్‌లో పది శాతం పైన పెరిగి, రేజ్ చేస్తే తగ్గుతోందంటే ఎక్కడో గాలి పీలుస్తోంది; క్లాంపులన్నీ మళ్లీ చూడు. ముందు లేనిది, ఇప్పుడు ఆయిలు పోసే మూత తీస్తే గాలి గట్టిగా పైకి తంతోందంటే దారి ఎక్కడో మూసుకుంది, బండి కదపకు.

మొదటి 500 కిలోమీటర్లకే తెరిచి చూడు. తర్వాత 1500కి ఒకసారి, చలికాలంలో ఇంకా ముందే. తెల్లటి నురగ కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయిందని కంగారుపడకు. చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఆవిరీ ఆయిలూ కలిస్తే అలాగే ఉంటుంది; కూలెంట్ తగ్గుతోంటేనే అనుమానించు. గడ్డకట్టే చలిలో ఆ నీరు మంచుగడ్డై దారి మూసేస్తే వెనక క్రాంక్ సీలు తన్నుకుపోతుంది, కాబట్టి అక్కడ నిండనివ్వకూడదు. పట్టిందాన్ని మాత్రం తిరిగి ఇంజిన్‌లో పోసెయ్యకు, అందులో నీళ్లూ పెట్రోలూ ఉన్నాయి. పాత ఆయిలుతో కలిపి ఇచ్చెయ్. వెయ్యి కిలోమీటర్లకే డబ్బా నిండిందంటే తప్పు డబ్బాది కాదు. ఇంజిన్‌లో ఆయిలు ఎక్కువ పోశారా, పీసీవీ తెరిచినట్టే ఇరుక్కుందా చూడు, ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండరులో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూడ్డం.

రెండు గొట్టాల లోపలి కొలతలు, బానెట్ కింద ఖాళీ ఎంతుందో రాసి పంపు. ఫిట్టింగుల సైజులు చెబుతాను. నలుపే తీసుకో, మురికి కనపడదు.

నీ
నేస్తం